ఊపిరి చూస్తే చాలా? హైదరాబాద్ క్లోరోఫాం నుంచి ఛాతీ బెల్టు దాకా

కాట్రేనికోన నుంచి మాట్లాడుతున్నానండి. ఈరోజు ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న, దాని వెనకాల ఉన్న పెద్ద చరిత్ర. ప్రశ్న ఏంటంటే, ఐసీయూలో చావుబతుకుల మధ్య ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి రక్తం సరిగ్గా వెళ్తోందో లేదో డాక్టరుకి ఎలా తెలుస్తుంది? అదీ గుండెలోకి గొట్టాలు దూర్చకుండా, బయట నుంచే తెలుసుకోవడం సాధ్యమేనా?

"ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది గాలి కదా, మధ్యలో రక్తం ఏంటి?" అని మీలో కొందరికి డౌట్ వచ్చే ఉంటుంది. నిజానికి ఈ ఎపిసోడ్ అంతా ఆ డౌట్ గురించే. ఊపిరి ముఖ్యమా, రక్తం ముఖ్యమా అనే గొడవ మన హైదరాబాద్‌లోనే ఒకసారి నడిచింది. నిజాం డబ్బులిచ్చారు, లండన్ నుంచి నిపుణుడు ఓడెక్కి వచ్చాడు, నాలుగొందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఆ కథలోకి వెళ్ళేముందు అసలు విషయం మన ఊరి లెక్కలో చెప్తాను.

మనది గోదావరి మధ్య డెల్టా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద బతుకుతున్న ప్రాంతం. కాట్రేనికోన వైపు భూములంటే శివారు భూములు, కాలవకి చిట్టచివర ఉన్నవి. శివారు రైతుని అడగండి, పంట పండాలంటే ఏం కావాలో. చేను దున్ని సిద్ధంగా ఉండాలి, నీళ్ళూ రావాలి. రెండూ ఒకే చోట, ఒకే సమయానికి కలవాలి. దున్నిన చేనుకి నీళ్ళు రాకపోతే కష్టం వృథా. దున్నని బీడులోకి నీళ్ళు పారితే నీళ్ళు వృథా.

ఊపిరితిత్తి కూడా అంతే. లోపల కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గాలి సంచులుంటాయి. అవి సిద్ధం చేసిన చేలు అనుకోండి. గుండె కుడివైపు నుంచి వచ్చే రక్తం కాలవ నీళ్ళు. మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం ఊపిరితిత్తుల్లోంచి పారుతుంది. గాలి వచ్చిన సంచికి రక్తం రాకపోతే ఆ ఊపిరి వృథా. కాళ్ళ నుంచి గడ్డకట్టిన రక్తం వచ్చి ఊపిరితిత్తి నాళంలో అడ్డం పడితే జరిగేది ఇదే. గాలి లేని సంచి పక్కనుంచి రక్తం పారితే, ఆ రక్తం ఆక్సిజన్ తీసుకోకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది. తీవ్రమైన న్యుమోనియాలో జరిగేది ఇది. రెండు కేసుల్లోనూ రోగి ఆయాసపడుతూనే ఉంటాడు. బయటికి ఒకేలా కనిపిస్తుంది. కానీ మొదటిది కాలవ సమస్య, రెండోది చేను సమస్య. వైద్యం వేరు.

రక్తం ఊపిరితిత్తుల గుండా వెళ్తుందని మనిషికి ఎప్పుడు తెలిసిందో తెలుసా? ప్రాచీన కాలపు గేలెన్ అనే వైద్యుడు గుండె మధ్య గోడకి కంటికి కనపడని రంధ్రాలున్నాయని, రక్తం కుడి నుంచి ఎడమకి అలా వెళ్తుందని రాశాడు. వెయ్యేళ్ళకు పైగా అందరూ అదే నమ్మారు. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్ వైద్యుడు, "ఆ గోడకి రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వెళ్ళాలి" అని రాశాడు. ఆ రాతప్రతి 1924లో బెర్లిన్ లైబ్రరీలో ఒక ఈజిప్టు డాక్టరు కంటపడేదాకా లోకానికి దాని సంగతి పెద్దగా తెలీదు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ మొత్తం వివరించాడు. 1661లో మాల్పీగి కప్ప ఊపిరితిత్తిని మైక్రోస్కోపు కింద పెట్టి, గాలికీ రక్తానికీ మధ్య ఉండే సన్నటి నాళాలు చూపించాడు.

సరే, దారి తెలిసింది. కానీ బతికున్న మనిషిలో, అదీ ప్రాణం పోయేలా ఉన్న మనిషిలో దాన్ని గమనించడం ఎలా? ఈ అవసరం మత్తుమందుతో వచ్చింది. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫాం వాడటం మొదలుపెట్టాడు. రెండు మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి క్లోరోఫాం కింద చనిపోయింది. కాలి గోరు తీయడానికి మత్తు ఇచ్చారు, అంతే. ఆ తర్వాత అలాంటి చావులు ఆగలేదు. డాక్టర్లు రెండు వర్గాలైపోయారు. ఎడిన్‌బరో వాళ్ళు "ముందు ఆగేది ఊపిరి, ఊపిరి చూసుకోండి చాలు" అన్నారు. లండన్ వాళ్ళు "గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోతోంది, నాడి మీద చెయ్యి తీయకండి" అన్నారు.

ఇక్కడ మన హైదరాబాద్ ఎంటర్ అవుతుంది. ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ హైదరాబాద్ రెసిడెన్సీలో పనిచేసేవాడు. అక్కడి మెడికల్ స్కూలుకి పెద్ద కూడా ఆయనే. ఎడిన్‌బరోలో సైమ్ దగ్గర చదువుకున్నవాడు కాబట్టి ఊపిరి వర్గం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మద్దతుతో 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ పెట్టించాడు. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే అని తేల్చారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం 1000 పౌండ్లు ఇస్తాను, మీ మనిషినే పంపండి అన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు వచ్చాడు. గుండె కూడా ముందే ఆగొచ్చు అని నమ్మేవాడు ఆయన. రెండో కమిషన్‌లో రక్తపోటుని గీతలుగా గీసే యంత్రం కూడా పెట్టి వందల ప్రయోగాలు చేశారు. చివరికి ఆయనా లారీ పక్షానికే వచ్చేశాడు.

ఈ కథలో రూపాబాయి ఫర్దూన్‌జీ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పు. హైదరాబాద్ మెడికల్ స్కూలులో చదివి అక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చిన డాక్టరమ్మ ఆవిడ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆవిడే అని చాలామంది అంటారు. ఆవిడ మీద వేరే ఎపిసోడ్ చేయాల్సినంత కథ ఉంది.

మరి హైదరాబాద్ తీర్పు కరెక్టేనా? సగం కరెక్టు. మత్తు మోతాదు మించితే ముందు ఆగేది ఊపిరే, అది నిజం. వాళ్ళ ప్రయోగాల్లో ఎక్కువగా కనిపించింది అదే. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పనిచేసి ఇంకో దారి చూపించాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు కూడా గుండె కింది గదులు లయ తప్పి వణికిపోయి, రక్తం పంపడం టక్కున మానేయగలవు. అప్పుడు ఊపిరి ఇంకాసేపు ఆడుతూనే ఉండొచ్చు. అంటే గాలి వస్తూ పోతూ ఉంటుంది, ఊపిరితిత్తుల్లో రక్తం మాత్రం ఆగిపోయి ఉంటుంది. ఊపిరినే చూస్తున్న డాక్టరుకి అంతా బాగానే ఉందనిపిస్తుంది.

నేను లారీని విలన్‌ని చేయట్లేదు. ఊపిరిని అంత శ్రద్ధగా గమనించాలని పట్టుబట్టడం వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచి ఉంటాయి. కానీ నాడి చూడక్కర్లేదు అన్నాడే, అక్కడ వచ్చింది చిక్కు. తను చూడగలిగిన సగాన్ని మొత్తం అనుకున్నాడు. ఇక్కడి నుంచి నేను చెప్పే ప్రతి పరికరాన్నీ ఈ ఒక్క పాయింటుతో పోల్చి చూడండి.

రక్తం ఎంత పారుతోందో లెక్కగట్టే ఉపాయం 1870లోనే అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడు. చాలా సింపుల్. ఒక రేవులో నిమిషానికి 250 కొబ్బరికాయలు పడవలకి ఎక్కిస్తున్నారు. ఒక్కో పడవకి 50 కాయలు. ఎన్ని పడవలు వెళ్తున్నాయి? 5. మీరు పడవల్ని చూడనే లేదు, అయినా లెక్క తేలింది. ఊపిరితిత్తుల్లో కూడా అంతే. ఒంట్లోకి నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఎక్కుతోంది, ఒక్కో లీటరు రక్తం 50 మిల్లీలీటర్లు మోసుకెళ్తోంది అంటే పారే రక్తం 5 లీటర్లు. కానీ ఆ 50 అనే అంకె తెలియాలంటే గుండె కుడివైపు రక్తం శాంపిల్ కావాలి. బతికున్న మనిషి గుండెలోకి వెళ్ళేదెవరు?

వెళ్ళింది వెర్నర్ ఫోర్స్‌మన్. 1929, జర్మనీలో చిన్న ఊరి ఆసుపత్రి. పాతికేళ్ళ కుర్ర డాక్టరు. పైవాళ్ళు వద్దన్నారు. పరికరాల తాళాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గరున్నాయి. ఆవిడ "నా మీద చెయ్యండి" అని ఒప్పుకుంది. ఫోర్స్‌మన్ ఆవిడని బల్లకి కట్టేసి, గొట్టం మాత్రం తన సొంత చేతి నరంలోకి ఎక్కించుకున్నాడు. 65 సెంటీమీటర్లు లోపలికి తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, గొట్టం కొస గుండెలో ఉన్నట్టు ఫోటో తీయించుకున్నాడు. అప్పట్లో మెచ్చుకున్నవాళ్ళ కంటే తిట్టినవాళ్ళే ఎక్కువ. తర్వాత న్యూయార్క్‌లో కూర్నాండ్, రిచర్డ్స్ అనే ఇద్దరు ఆ దారిలోనే ఇంకా ముందుకెళ్ళి, ఊపిరితిత్తుల ధమని దాకా చేరి కొలతలు తీశారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది.

1970లో అమెరికాలో స్వాన్, గాంజ్ అనే ఇద్దరు డాక్టర్లు గొట్టం చివర చిన్న బెలూన్ పెట్టారు. గాలికి తెరచాప పడవ వెళ్ళినట్టు, రక్తం వాలుకి బెలూన్ తేలుతూ ఊపిరితిత్తుల ధమనిలోకి వెళ్ళిపోతుంది. సముద్రంలో తెరచాప పడవల్ని చూస్తుంటే ఈ ఆలోచన వచ్చిందని స్వాన్ చెప్పుకున్నాడు. ఐసీయూలు ఆ గొట్టాన్ని ఎగబడి వాడాయి. మంచం పక్కనే కూర్చుని ఊపిరితిత్తుల్లో పోటు ఎంత, రక్తం ఎంత పారుతోంది అన్నీ అంకెల్లో చూడొచ్చు మరి.

మన కోనసీమలో 1996 అంటే నవంబరు 6 తుఫాను. ఐసీయూ డాక్టర్లకి కూడా అదే ఏడు వేరే తుఫాను వచ్చింది. ఆ సెప్టెంబరులో కానర్స్ బృందం ఒక అమెరికా వైద్యపత్రికలో 5735 మంది రోగుల లెక్క బయటపెట్టింది. జబ్బు తీవ్రత సమానంగా ఉండేలా సర్ది పోల్చినా, ఈ గొట్టం వేసిన వాళ్ళలోనే చావులు ఎక్కువగా కనిపించాయి. గొట్టం వల్ల గుండె లయ తప్పొచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, అరుదుగా ధమనే చిట్లొచ్చు. "ఆ అధ్యయనంలో లోపాలున్నాయి" అని వాదించినవాళ్ళూ ఉన్నారు. అందుకే 2005లో బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా రోగుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి గొట్టం, ఇంకో గుంపుకి లేదు. చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హాని ఎక్కువ లేదు, లాభమూ లేదు.

ఇది నాకు ఈ చరిత్ర మొత్తంలో గుచ్చుకునే చోటు. కచ్చితమైన అంకె చేతికొచ్చింది. అయినా దానివల్ల రోగి బతకలేదు. అంకె తెలియడం ఒక పని, ఆ అంకె చూసి ఏం చేయాలో తెలియడం ఇంకో పని. ఆ గొట్టం ఇవాళ్టికీ కొన్ని ప్రత్యేకమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో అవసరమే. కానీ ఐసీయూలో ప్రతివాళ్ళకీ వేసే రోజులు పోయాయి. డాక్టర్లు బయట నుంచి చూసే దారుల మీద పడ్డారు. మూడు దారులు చెప్తాను.

మొదటిది శబ్దం. 108 అంబులెన్స్ మీవైపు వస్తున్నప్పుడు సైరన్ సన్నగా, దూరంగా పోతున్నప్పుడు బొంగురుగా వినిపిస్తుంది కదా. 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం అది. ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి శబ్ద తరంగాలు పంపితే, పారే రక్తం నుంచి తిరిగొచ్చే తరంగాన్ని బట్టి దాని వేగం తెలుస్తుంది. 1984లో యాక్, పాప్ అనే ఇద్దరు అమెరికాలో ఒక లెక్క రుజువు చేశారు. గుండె కుడివైపు కవాటం దగ్గర వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని ఆ వేగంతోనే గుణించి, నాలుగుతో గుణించాలి. సెకనుకి 3 మీటర్లయితే 3 మూళ్ళు 9, నాలుగు తొమ్మిదులు 36. దానికి గుండె పైగది పోటు కలిపితే ఊపిరితిత్తుల వైపు పోటు ఎంతో అంచనా దొరుకుతుంది. సూది లేదు, గొట్టం లేదు. ఈ ఎకో మిషన్ ఇప్పుడు జేబులో పట్టేంత అయింది, ఫోనుకి తగిలించుకునే రకాలు కూడా వచ్చాయి. కాకపోతే చూసే చెయ్యికి ట్రైనింగ్ కావాలి. పైగా కొందరు రోగుల్లో బొమ్మ సరిగ్గా దొరకదు.

రెండోది వదిలే గాలి. ఒంట్లో తయారైన కార్బన్ డయాక్సైడ్‌ని ఊపిరితిత్తులకి తెచ్చేది రక్తమే. రక్తం రాకపోతే వదిలే గాలిలో అది కనిపించదు. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నొక్కుతున్నప్పుడు గొట్టం దగ్గర కాప్నోగ్రాఫ్ అనే చిన్న మీటరు ఉంటే, ఆ అంకె 10 దాటకపోతే ఊపిరితిత్తులకి రక్తం చాలడం లేదని అర్థం. గుండె మళ్ళీ కొట్టుకోగానే అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది. 1988లో ఫాక్, రాకో, వైల్ బృందం రోగుల్లో ఇది చూపించింది. లారీ ఊపిరే చూడమన్నాడు కదా. ఇక్కడ ఊపిరిలోనే రక్తం సంగతి దొరుకుతోంది. ఈ మీటరు ఆయన చేతిలో ఉండుంటే ఆ గొడవ అన్నేళ్ళు సాగేది కాదేమో.

మూడో దానికి ముందు, మనందరికీ తెలిసిన ఆక్సీమీటర్ గురించి ఒక మాట. జపాన్ ఇంజనీరు తకువో అఓయాగి 1974లో దాని సూత్రం కనిపెట్టాడు. 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా లోకమంతా దాన్ని వేలికి తగిలించుకుంటున్న రోజుల్లో చనిపోయాడు. అది గొప్ప పరికరం. కానీ అది చెప్పేది ధాన్యం దిగుబడి మాత్రమే. ఏ కాలవ పూడిందో, ఏ చేను ఎండిందో చెప్పదు. కోవిడ్‌లో ఊపిరితిత్తుల చిన్న చిన్న నాళాల్లో రక్తం గడ్డలు కట్టిందని తర్వాత తెలిసింది. వేలి మీద అంకె ఆ సంగతి చెప్పలేదు.

ఇక మూడోది బెల్టు. "తడి చేతుల్తో రొయ్యల చెరువు మోటారు ముట్టుకోకురా" అని ఇంట్లో ఎందుకు అరుస్తారు? నీళ్ళు, అందులోనూ ఉప్పు నీళ్ళు కరెంటుని బాగా మోస్తాయి. గాలి మోయదు. ఛాతీలో కూడా రక్తం మోస్తుంది, గాలి అడ్డుపడుతుంది. 1980ల్లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బార్బర్, బ్రౌన్ ఈ తేడాతో బొమ్మ గీశారు. ఛాతీ చుట్టూ బెల్టు, దానికి సాధారణంగా 16 ఎలక్ట్రోడ్లు. రోగికి తెలియనంత చిన్న కరెంటు పంపి, తిరిగొచ్చే వోల్టేజీ కొలిచి, ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడెక్కడ నిండుతోందో సెకనుకి పదుల బొమ్మలు చూపిస్తుంది. ఎక్స్‌రే కిరణాలు లేవు. రోగిని స్కానింగ్ గదికి తోసుకెళ్ళక్కర్లేదు, మంచం మీదే.

రక్తం చూడాలంటే ఊపిరిని కొన్ని సెకన్లు ఆపి, పెద్ద నరంలోకి కాస్త గాఢమైన ఉప్పు నీళ్ళు ఎక్కిస్తారు. ఆ ఉప్పు గుండె దాటి ఊపిరితిత్తుల్లో పరుచుకుంటుంటే, అది ఎటు వెళ్ళిందో బెల్టు గుర్తుపడుతుంది. అంటే చేను బొమ్మ, కాలవ బొమ్మ రెండూ ఒకే తెర మీద. హైదరాబాద్ గొడవలోని రెండు సగాలూ పక్కపక్కన. అయితే ఉప్పు కోసం నరంలో గొట్టం కావాలి కాబట్టి ఇది పూర్తిగా బయటి పద్ధతి కాదు. ఉప్పు లేకుండా గుండె కొట్టుకోవడంతో వచ్చే చిన్న మార్పుని పట్టే పద్ధతీ ఉంది. కానీ ఆ సంకేతం బలహీనం, అది చెప్పేది నిజంగా రక్తప్రవాహమేనా అనే వాదన నడుస్తోంది. బెల్టు వల్ల చావులు తగ్గాయని పెద్ద ట్రయల్ తేల్చేదాకా, 1996 పాఠం గుర్తుపెట్టుకోవాల్సిందే.

రెండు సగాలూ కలిపి ఆలోచిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ ఉంది. 2021లో "బోర్లా పడుకోండి" అని అందరం విన్నాం కదా. వెల్లకిలా ఉన్నప్పుడు వీపు వైపు ఊపిరితిత్తి నలిగి గాలి అందదు, రక్తం మాత్రం అటే ఎక్కువ పారుతుంది. బోర్లా తిప్పితే వీపు వైపు తెరుచుకుంటుంది. రక్తం చాలావరకు అటే ఉంటుంది కాబట్టి, రక్తం ఉన్నచోటికి గాలి వస్తుంది. కాలవని మార్చలేదు, నీళ్ళున్న చోట చేను దున్నారు. 2013లో ఫ్రాన్స్‌లో గెరాన్ బృందం తీవ్రమైన కేసులు 466 మందిలో దీన్ని పరీక్షించింది. 28 రోజుల్లో చావులు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. ఇందులో పరికరం ఖర్చు లేదు. నేర్చుకున్న మనుషులు కావాలి, అంతే.

చివరిగా, ఇదంతా మనకెందుకు? కాట్రేనికోన నుంచి పెద్దాసుపత్రి అంటే ముమ్మిడివరం మీదుగా అమలాపురం, లేదంటే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ. బలుసుతిప్ప లాంటి సముద్రం అంచు ఊళ్ళకి ఇంకా దూరం. గుండెలోకి గొట్టం వేసే డాక్టరు, ఆ గది, ఆ వసతి మన వెంట ప్రయాణం చేయవు. జేబులో పట్టే ఎకో, వదిలే గాలి కొలిచే మీటరు చేయగలవు. బయట నుంచి చూసే ప్రతి కొత్త పద్ధతీ సిటీ ఐసీయూ కంటే ఎక్కువగా శివారు ఊరి మనిషికే పనికొస్తుందని నేను నమ్ముతాను, అది వాడే మనిషిని కూడా తయారుచేస్తే.

మీవాళ్ళెవరైనా ఐసీయూలో ఉంటే, డాక్టరు గారిని మర్యాదగా ఒక్క ప్రశ్న అడగొచ్చు: "సమస్య గాలి అందకపోవడమా, రక్తం అందకపోవడమా అండీ?" వైద్యం వాళ్ళే చూసుకుంటారు. కానీ సమాధానం విన్నాక మానిటర్ మీద అంకెలు మీకు కాస్త అర్థమవుతాయి.

వచ్చే ఎపిసోడ్ రూపాబాయి గారి మీద చేద్దామా? కామెంట్లో చెప్పండి. ఉంటానండి, నమస్తే.